పెట్టెదొరకు చెప్పిన జవాబులు

బహుళ పాడ్యమి

పోయిన నెల బహుళ అష్టమి నాడు నా భార్య పోలమాంబ చనిపోయింది. ఆ రోజు ఇలా జరిగింది.

ఆమె నాకంటే ముందే లేచింది. చద్దన్నంలో ఎండు నెత్తళ్ళు నంజుకుని తింది. మెట్టెలకు నూలుదారం చుట్టుకుంది. మందుపాతరలను పనిచేయకుండా చేసే మౌనదళంలో పడవ ఎక్కే ఆడవాళ్ళందరూ చుట్టుకుంటారు. యుద్ధంలో సముద్రంలో వదిలిన ఆ పాతరలు మనిషి గొంతు వింటేనే పేలుతాయని అంటారు. కానీ లోహం మోగితే ఏమవుతుందో పరీక్షించి చూసినవాళ్ళు లేరు. వాటిని మా రేవులో చెవులు అంటారు. యుద్ధం ఎప్పుడో ముగిసింది. చెవులకు ఆ సంగతి తెలియదు.

రేవు దాకా నేనూ వెళ్ళాను. తెల్లరాయి దాటాక ఎవరూ మాట్లాడకూడదు. రాయికి ఇవతల ఆగి, "నీళ్ళ ఫిల్టరు కారుతోంది, మర్చిపోకు" అంది. నేను సరేనన్నాను. ఆమె రాయి దాటింది. రెండు పడవలు వెళ్ళాయి. మొదటి దానికి ఆమె నాయకురాలు.

నేను కేంద్రానికి వచ్చి మందు పెట్టె ఉష్ణోగ్రత రాస్తుండగా కిటికీ అద్దాలు అదిరాయి. అంకె రాయడం పూర్తి చేసి బయటికి వచ్చాను. రెండో పడవ మధ్యాహ్నానికి తిరిగొచ్చింది. మొదటిది రాలేదు. అందులో నలుగురు. ఏమీ దొరకలేదు.

మొదటి పడవలో ఎవరో కేక వేశారని రెండో పడవ నాయకుడు దాలయ్య చెప్పాడు. పడవలు పంపే రేవు మండలి నివేదికలో మాత్రం 'కారణం తెలియరాలేదు' అని ఉంది.

ఇది కేంద్రం దినచర్య పుస్తకం. ఆఖరి విజిట్ తర్వాత నెలలోపు ఎవరైనా చనిపోతే ఇందులో రాయాలన్నది నియమం. చెవుల మధ్య పనిచేసి మనసు చెదిరినవాళ్ళ మీద కొత్త మందును పరీక్షించే ఈ పరిశోధనలో పోలమాంబ కూడా ఉంది. బంధువులు ఒకే కేంద్రంలో ఉండకూడదు కాబట్టి ఆమెను ఉత్తర కేంద్రంలో చేర్చారు. నయమైందని, సముద్రానికి పంపవచ్చని తేల్చింది వాళ్ళే. మరణం రాయాల్సింది కూడా వాళ్ళే. రాయలేదు. ఆమె విజిట్‌లు ముగిశాయి కాబట్టి పరిశోధనకు సంబంధం లేదన్నారు.

అందుకని నేను రాస్తున్నాను. ఈ పుస్తకాన్ని మండలి చదువుతుంది. చదవనీ.

గేదెల భగీరథి, సమన్వయకర్త.

బహుళ విదియ

సౌరపలకల మీద ఉప్పు పేరుకుంది. మంచినీళ్ళు వాటాకు మించి వాడకూడదు కాబట్టి పొడిగుడ్డతో తుడిచాను. తలుపు బందులకు నూనె పెట్టాను. ఇక్కడికి వచ్చేవాళ్ళకు కిర్రుమన్న చప్పుడు పడదు.

కేంద్రం పాత టెలిఫోన్ ఎక్స్ఛేంజి భవనంలో ఉంది. ఎవరు ఏ రోజు రావాలో చెప్పడం, రానివాళ్ళ ఇంటికి వెళ్ళడం, మిగిలిన బిళ్ళలు తిరిగి తీసుకోవడం, రక్తం నమూనాలు మంచుపెట్టెలో పై ప్రయోగశాలకు పంపడం నా పనులు. సగం మందికి మందు బిళ్ళ ఇస్తాం. సగం మందికి అలాగే కనిపించే సుద్దబిళ్ళ. ఎవరికి ఏది అందుతోందో నాకూ తెలియదు, వాళ్ళకూ తెలియదు.

ప్రశ్నలు అడగడం నా పని కాదు. ఇంతకుముందు నర్సులు అడిగేవారు. మనిషికో తీరుగా అడిగితే ఫలితాలు పోల్చలేమని ఈ దశలో మండలి ప్రతి కేంద్రానికీ ఒక యంత్రాన్ని పంపింది. సైనికులకు నమ్మకం కలగాలని దానికి పడవ నాయకుడి గొంతు పెట్టారు. బరువైన గొంతు. వచ్చేవాళ్ళు దానికి పెట్టెదొర అని పేరు పెట్టారు. ఆ ప్రశ్నల విజిట్ జరిగేటప్పుడు గదిలో యంత్రం, ఆ మనిషి తప్ప మూడోవారు ఉండకూడదు.

ఈ రోజు దాలయ్య, సూరీడమ్మ విజిట్‌కు వచ్చారు. వాళ్ళ వెంట గంగులు కూడా వచ్చాడు. దాలయ్య పెద్దవాడు. గంగులు పడవ ముందు ఈదేవాడు, పెళ్ళి కావాల్సినవాడు. సూరీడమ్మ చెవి దగ్గరికి మునిగి వెళ్ళి అది పేలకుండా మూత బిగించే మనిషి. వయసుతో పనిలేకుండా ముగ్గురూ పోలమాంబను అక్క అనేవారు. నన్ను బావ అంటారు.

"ఏటి బావా, పెట్టెదొరకి ఇవాళ ఒంట్లో ఎలగున్నాది?" అన్నాడు గంగులు.

"కరెంటు ఉంటే బాగానే ఉంటాడు."

"మా ఆయనా అంతే. పంకా ఆగితే నన్ను తిడతాడు" అంది సూరీడమ్మ.

"పంకా ఉన్నప్పుడు తిట్టడేటి?"

"అప్పుడు తిట్టినా గాలికి ఇనిపించదు."

ముగ్గురూ నవ్వారు. వీళ్ళు నవ్వితే చప్పుడు రాదు. భుజాలు ఊగుతాయి, అంతే.

మధ్యాహ్నం రేవు మండలి నుంచి కమాండర్ తారకేశ్వర్ వచ్చాడు. చెప్పులు బయట విడిచి, నాకు నమస్కారం పెట్టి, పోలమాంబ గురించి రెండు మాటలు అన్నాడు. తర్వాత విషయానికి వచ్చాడు.

"మీ పద్దెనిమిది మంది విజిట్‌లనూ సప్తమికల్లా ముగించాలి, భగీరథి గారూ. అష్టమికి పడవలు వెళ్ళాలి. ఆ దారి తెరవకపోతే బియ్యం ఓడ లోపలికి రాదు."

"సప్తమికి ముగియకపోతే?"

"విజిట్ తెరిచి ఉన్న మనిషిని పడవ ఎక్కించకూడదని మీ పరిశోధనతో మాకు ఒప్పందం ఉందిగా. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను."

చూస్తానన్నాను. అష్టమికే ఎందుకంటే ఆ రోజు పోటు తక్కువ, నీళ్ళు నిలకడగా ఉంటాయి. అందరికీ తెలిసిన సంగతే.

బహుళ తదియ

యంత్రం మధ్యలో ఆగిపోతోంది. బల్ల కింద తీగ వదులైంది. గంగులు విజిట్ అప్పుడే మొదలైంది. మొదలైన విజిట్‌ను ఆపకూడదు. డైరెక్టర్ డాక్టర్ వైజయంతి అనుమతితో నేను బల్ల కిందకు దూరి, తీగను చేత్తో అదిమి పట్టుకుని కూర్చున్నాను. ఈ దశలో విజిట్ జరుగుతుండగా నేను గదిలో ఉండడం ఇదే మొదటిసారి.

"వద్దనుకున్నా ఆ రోజు గుర్తుకొస్తోందా?" అని యంత్రం అడిగింది.

గంగులు మాట్లాడలేదు.

"నిద్రలో కేకలు వేస్తున్నావా?"

మాట్లాడలేదు.

"తాగుడు ఎక్కువైందా?"

నా నెత్తి మీద బల్ల చెక్క ఒకసారి టక్కుమంది.

"ఇంట్లోవాళ్ళ మీద చేయి చేసుకున్నావా?"

టక్.

"బతకడం వృథా అనిపిస్తోందా?"

చప్పుడు లేదు. యంత్రం నియమం ప్రకారం కొంచెం ఆగి, తర్వాత ప్రశ్నకు వెళ్ళింది.

తీగ బిగించాక కూడా నేను బల్ల కిందే ఉన్నాను.

మా ఇంట్లో ఇదొక వేళాకోళం. సెలవు రోజు పొద్దున నేను గొంతు బరువు చేసి, "నాయకురాలా, టీ కావలెనా?" అని అడిగేవాణ్ణి. పోలమాంబ వెంటనే నిటారుగా కూర్చునేది. నోరు విప్పేది కాదు. కావాలని అర్థం. వద్దంటే వేలితో మంచంకోడు కొట్టేది. చెవుల మధ్య ఉన్నప్పుడు పడవల్లో అదే పద్ధతి. నాయకుడు మనిషి చెవికి గొట్టం ఆనించి గాలంత మెల్లగా అడుగుతాడు. ఔనంటే మౌనం. కాదంటే చెక్క మీద ఒక దెబ్బ. చెక్క చప్పుడుకు చెవులు కదలవు.

విజిట్ ముగిశాక తెర చూశాను. ప్రతి ప్రశ్న ఎదురుగా 'సమాధానం లేదు' అని ఉంది. దాని పక్కన సున్నా. మొత్తం సున్నా. కింద పచ్చ గీత: సముద్రానికి యోగ్యుడు.

గంగులు చొక్కా సర్దుకుంటూ, "ఐపోనాది గదా బావా. ఎల్తాను" అన్నాడు.

బహుళ చవితి

ఈ రోజు విజిట్‌లు ఏవీ పెట్టలేదు. యంత్రం మరమ్మతులో ఉందని రాసి తలుపుకు అంటించాను. వల బాగుచేసే పాక దగ్గరికి వెళ్ళాను. గంగులు, దాలయ్య అక్కడ ఉన్నారు.

"గంగులూ, నిన్న పెట్టెదొరకి ఏం చెప్పావు?"

"ఉన్నదే సెప్పాను."

"కేకల సంగతి?"

"ఔనన్నాను."

"బతకడం వృథా అన్న ప్రశ్నకు?"

వల మీద నుంచి కళ్ళు ఎత్తలేదు. "అదీ ఔనన్నాను. మా అమ్మకి సెప్పకు."

"నాకు నీ నోట ఒక్క మాటా వినపడలేదు."

"నాయకుడు అడిగితే నోరు ఇప్పుతారేటి? అక్క నీకు నేర్పలేదేటి బావా?"

"అది నాయకుడు కాదు. పెట్టె."

"గొంతు నాయకుడిదే గదా. ఆ గొంతు ఇంటే నాలిక దానంతటదే అంటుకుపోద్ది. నేనేటి సెయ్యను."

"సున్నా అని రాశారు, నయమైందన్నారు. అప్పుడేం అనుకున్నావు?"

"ఏటనుకుంటాను. అన్నీ ఉన్నాయని సెప్పినా ఎల్లమన్నారు. అందరికీ ఇలగే ఉంటాది గావాల, ఇది జబ్బు లెక్కలోకి రాదు గావాల అనుకున్నాను. సదువుకున్నోళ్ళకి తెలీదేటి."

దాలయ్యను అడిగాను. అతనూ అంతే. అన్నిటికీ ఔనని చెప్పానన్నాడు. రెండు ప్రశ్నలకు మాత్రం కాదన్నాడట. ఆ రెండూ ఏమిటో చెప్పలేదు.

పోలమాంబ నిద్రలో అరిచేది. నేను లేపి కూర్చోబెట్టేవాణ్ణి. డాక్టర్‌తో చెప్పమంటే, "పెట్టెకి చెప్పానులే" అనేది. పోయిన నెల యోగ్యురాలని కాగితం వచ్చినప్పుడు దాన్ని రెండుసార్లు చదివింది. "సరే అయితే" అని మడిచి పెట్టింది. నేను సంతోషించాను.

దాలయ్యను ఇంకొకటి అడిగాను. ఇన్నాళ్ళూ అడగలేదు.

"ఆ రోజు కేక వేసింది ఎవరు?"

అతను సూది వలలో గుచ్చి ఆపాడు. గంగులు లేచి వెళ్ళబోతే ఉండమని చేయి చూపాడు.

"అక్కే."

"ఏమని?"

"మాటేం కాదు బావా. ఎండలో కూకుని ఉంది. కళ్ళు తెరుసుకునే ఉన్నాది. కేకేసింది. అంతే."

తర్వాత అతను వల పని మొదలుపెట్టాడు. నేను కాసేపు వల అంచు పట్టుకున్నాను. పట్టుకుంటే ముడి త్వరగా పడుతుంది.

బహుళ పంచమి

కారణం తెలియరాలేదని మండలి రాసింది. నేను రాస్తున్నాను. పోలమాంబ తనకు పట్టిన బాధనంతా అడిగినవాళ్ళకు, వాళ్ళు నేర్పిన పద్ధతిలోనే చెప్పింది. దానికి సున్నా వేశారు. సున్నా చూసి పడవ ఎక్కించారు. పడవలో అరిచింది. ఆమెతో పాటు ముగ్గురు పోయారు. కారణం ఇది.

ఈ మాటే డాక్టర్ వైజయంతికి చెప్పాను. ఆమె అబద్ధమాడే మనిషి కాదు. పరిశోధన నియమాల పుస్తకం, అంటే ప్రోటోకాల్, తెరిచి ఆ పేజీ తీసింది.

"జవాబు రాకపోతే లక్షణం లేనట్టు లెక్కించాలని ప్రోటోకాల్‌లో మనమే రాశాం. లేని జబ్బును అంటగట్టామన్న మాట రాకూడదని" అంది.

"పాత విజిట్‌లు మళ్ళీ వినలేమా?"

"యంత్రం మాట తప్ప మిగతా చప్పుళ్ళన్నీ తీసేసి దాచుకుంటుంది. బల్ల దెబ్బలు అందులో ఉండవు. వెనక్కి వెళ్ళి వినడానికేమీ లేదు."

"మండలికి పంపిన మధ్యంతర ఫలితాలు మీరు చూశారు. ఎంత మందికి నయమైంది?"

"దాదాపు అందరికీ."

"సుద్దబిళ్ళ మింగినవాళ్ళకు?"

ఆమె నా వైపు చూసింది. "వాళ్ళకు కూడా."

"మీకు అప్పుడు అనుమానం రాలేదా?"

"వచ్చింది. రేవు గాలి మంచిదేమోనని సమాధానపడ్డాను." నవ్వడానికి ప్రయత్నించి మానేసింది. "సాక్ష్యం కావాలి, భగీరథి గారూ. మీరు బల్ల కింద విన్న రెండు దెబ్బలు సాక్ష్యం కావు."

"అయితే మళ్ళీ అడుగుదాం. మనిషి గొంతుతో."

"మండలి ఒప్పుకోదు."

కమాండర్‌కు ఆమె ఎదుటే ఫోన్ చేశాను. అతను పూర్తిగా విన్నాడు.

"పెద్దలు అడిగినప్పుడు మాట్లాడకుండా ఉండడం సైనికుడికి ఆరోగ్య లక్షణమే. మీ దుఃఖం నాకు అర్థమవుతోంది. అది ఫలితాల్లోకి రాకూడదు కదా?" అన్నాడు.

"నా దుఃఖం నా ఇంట్లో ఉంది. ఇది పద్దెనిమిది మంది సంగతి."

"సప్తమి సాయంత్రానికి మూసిన విజిట్‌లు నా బల్ల మీద ఉండాలి."

మందు పెట్టె ఉష్ణోగ్రత సరిగ్గా ఉంది.

బహుళ షష్ఠి

ప్రోటోకాల్ మళ్ళీ చదివాను. హాని జరుగుతోందని అనుమానం వస్తే సమన్వయకర్త తనంతట తాను అదనపు విజిట్ తెరవవచ్చు. డైరెక్టర్ సంతకం అక్కర్లేదు. కానీ ఆ మనిషి తన ఇష్టంతో నడిచి రావాలి. రమ్మని బలవంతపెట్టడానికి లేదు.

పద్దెనిమిది మందినీ వరండాలోకి పిలిచాను. జరిగింది చెప్పాను. 

ముందుగా గంగులే మాట్లాడాడు. "ఐతే మమ్మల్ని పిచ్చోళ్ళని రాత్తావా?"

"పడవ ఎక్కడానికి ఇంకా కొంత కాలం పడుతుందని రాస్తాను."

"రెండూ ఒకటే గదా బావా. రేపు మా వీధిలో నాకెవరు పిల్లనిత్తారు?"

"ఇప్పుడు వరసగట్టి నిలబడ్డారు మరి" అంది సూరీడమ్మ.

"నువ్వూరుకో వొదినా. నీకు పెళ్ళైపోనాది."

దాలయ్య గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "బియ్యం ఓడ ఆగితే ఊరు మమ్మల్ని తిడతాది. చెవులకు మూతలెవరు పెడతారు? మాకు తప్ప ఎవరికీ ఆ పని రాదు."

"మీకు వచ్చు. చేతులకు వచ్చు. నేను అడుగుతున్నది చేతుల గురించి కాదు."

"నాను ఎల్లగలను" అన్నాడు దాలయ్య.

"నానూ ఎల్లగలను" అన్నాడు గంగులు. మిగతావాళ్ళూ తలలు ఊపారు. సూరీడమ్మ కూడా.

వాళ్ళ మాట అబద్ధమని నాకు అనిపించలేదు. పోలమాంబ కూడా వెళ్ళగలననే వెళ్ళింది.  అందుకని గంగులును ఇంకో తీరుగా అడిగాను.

"అష్టమికి పడవలో నీ పక్కన ఎవరు?"

"సూరీడమ్మొదిన."

"ఆమె స్కోరు సున్నా. మనసులో ఏ బాధా లేదని కాగితం మీద ఉంది. ఆమె పక్కన కూర్చుంటావా?"

గంగులు మాట్లాడలేదు.

"నేను నాయకుణ్ణి కాదు గంగులూ. నోటితో చెప్పు."

అతను ఆమె వైపు చూడకుండా చెప్పాడు. "కూకోను."

"ఏటి?" అంది సూరీడమ్మ.

"నువ్వు పగలు కూడా ఉలిక్కిపడతావు వొదినా. మొన్న బిందె దొర్లితే నువ్వేం చేసినావో నేను చూసినాను. నేను ఎల్తాను. నువ్వు రావద్దు."

"నువ్వు రాత్రేళ అరిత్తే మా ఇంట్లో పిల్లలు లేత్తారురా. గోడవతల ఉంటాన్నేను. నీ పక్కన నేను కూకోవాలేటి? నేను ఎల్తాను. నువ్వే రాకూడదు."

ఒకరి తర్వాత ఒకరు మొదలుపెట్టారు. గొంతులు పెరగలేదు. ఎప్పటిలాగే గుసగుసల్లోనే పోట్లాడుకున్నారు. ప్రతివాడూ తాను వెళ్ళగలనన్నాడు. ప్రతివాడికీ పడవలో కూర్చోబెట్టుకోవడానికి ఇష్టం లేని మనిషి ఒకడున్నాడు. దాలయ్యతో వెళ్ళనని ముగ్గురన్నారు. దాలయ్య అది ఊహించలేదు. తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకుని కింద కూర్చున్నాడు.

"నేనేం చేసినాను?" అన్నాడు.

"పాతరోజుల్లో పోయినోళ్ళతో మాటాడతావు బాబాయ్" అంది సూరీడమ్మ, మెల్లగా. "పడవలోనే. పెదాలు కదుల్తాయి. ఇంకా గొంతు రాలేదు, అంతే."

ఆ తర్వాత పోట్లాట ఆగింది. ఒకరినొకరు చూసుకోలేదు.

నేను అదనపు విజిట్ గురించి చెప్పాను. ఎవరి గురించి వాళ్ళే చెప్పాలని, పక్కవాడి గురించి అడగనని, చెప్పింది వీధిలోకి పోదని చెప్పాను. రావాలో వద్దో వాళ్ళ ఇష్టమన్నాను. బియ్యం సంగతి కూడా దాచలేదు. ఓడ ఆలస్యమైతే అందరం గంజి తాగాలి. పడవ పేలితే ఓడ ఎలాగూ రాదు.

"నీ మీదేం నేరం పెడతారు బావా?" అని దాలయ్య వెళ్తూ అడిగాడు.

"పెట్టనీ."

బహుళ సప్తమి

సాయంత్రం కమాండర్ తారకేశ్వర్ ఇద్దరు భటులతో వచ్చాడు. చెప్పులు విడవలేదు. డాక్టర్ వైజయంతి తన గదిలోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"మూసిన విజిట్‌లు ఎక్కడ?"

"ఒక్కటీ మూయలేదు. పద్దెనిమిది మందికీ అదనపు విజిట్ తెరిచాను."

"ఎవరి అనుమతితో?"

"ప్రోటోకాల్ అనుమతితో. మీ మండలి సంతకం కూడా అందులో ఉంది."

"పడవ ఆపడం నేరం. తెలుసా?"

"పడవను నేను ఆపలేదు. ఎక్కే మనుషుల విజిట్ తెరిచి ఉంది."

అతను డాక్టర్ వైపు తిరిగాడు. "మీరు దీన్ని రద్దు చేయవచ్చు."

ఆమె గుమ్మం దాటి రాలేదు. "చేయవచ్చు. చేయను" అంది. తర్వాత నాతో అంది. "భగీరథి గారూ, నేను మీ పక్కన సంతకం కూడా పెట్టను. నాకింకా రెండు కేంద్రాలున్నాయి. అడ్డం మాత్రం రాను."

ఆమె నుంచి నేను అంతకంటే ఎక్కువ ఆశించలేదు.

కమాండర్ నాకు దగ్గరగా వచ్చాడు. "మీ భార్య ఉంటే సిగ్గుపడేది. ఆమె ఏనాడూ పడవ తప్పలేదు."

"నిజమే. తప్పలేదు. ఆమెను ఆపాల్సింది మీరు. మీ పెట్టె ఆమెను ప్రతి ప్రశ్నా అడిగింది. ఆమె ప్రతి ప్రశ్నకూ జవాబిచ్చింది. మీరు నేర్పిన తీరులోనే ఇచ్చింది. వినడం చేతకాక సున్నా వేశారు."

"మీకు పిచ్చెక్కింది."

"అయితే నన్ను పడవ ఎక్కించండి. స్కోరు సున్నా వస్తుంది."

భటుల్లో ఒకడు తల దించుకున్నాడు. అతని భుజాలు ఊగాయి. మౌనదళంలో పనిచేసినవాడే అయి ఉంటాడు.

కమాండర్ నా ఉద్యోగం రేపు మధ్యాహ్నంతో ముగుస్తుందన్నాడు. ఆ తర్వాత నన్ను ఎగువ కోటకు పంపుతారట, విచారణకు. కొత్త సమన్వయకర్త వచ్చి విజిట్‌లు మూస్తాడు. నేను వాదించలేదు. తెరిచిన విజిట్‌లో ఒక్క జవాబు నమోదైనా, అది పూర్తిగా పరిశీలించకుండా ఎవరూ మూయలేరు. అది కూడా ప్రోటోకాల్‌లోనే ఉంది. అతను ఆ పేజీ చదవలేదని అతని ముఖం చూస్తే తెలిసింది. నేను చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను. ఈ పుస్తకం అతని బల్ల మీదకు చేరేసరికి జవాబులు నమోదై ఉంటాయి.

వాళ్ళు వెళ్ళాక సూరీడమ్మ పెరటి వైపు నుంచి వచ్చింది. "ఎంత మంది వత్తారో సెప్పలేను బావా. గంగులు వత్తానన్నాడు. దాలయ్య బాబాయ్ ఏటీ అనలేదు."

"నువ్వు?"

"నేనా? మొదట నన్నే అడుగు. తర్వాతైతే నాకు ధైర్యం సాలదు."

మందు పెట్టె ఉష్ణోగ్రత సరిగ్గా ఉంది. బ్యాటరీలు నిండుగా ఉన్నాయి.

రేపు పొద్దున పడవల వేళకు ముందే కేంద్రం తలుపు తెరుస్తాను. యంత్రాన్ని బల్ల మీద నుంచి దించి సామాను గదిలో పెడతాను. బల్లను గోడకు జరిపి రెండు కుర్చీలు ఎదురెదురుగా వేస్తాను. సూరీడమ్మను కూర్చోబెట్టి, మొదటి ప్రశ్న నా గొంతుతో అడుగుతాను. ఆమె నోరు విప్పేదాకా కూర్చుంటాను. ఆమె తర్వాత ఎవరొస్తే వాళ్ళను అడుగుతాను. మధ్యాహ్నం భటులు వచ్చినప్పుడు గదిలో ఎవరైనా చెబుతూ ఉంటే, వాళ్ళు చెప్పడం ముగిసేదాకా లేవను.